ఆరో నంబరు లేబుల్

పదో నంబరు కొలత అట్టను గుడ్డ మీద పరిచి, సుద్దతో చుట్టూ గీసి, కోసి, కుట్టి, ఆఖర్న మెడ లోపల ఆరో నంబరు లేబుల్ వేయించడం టైలరమ్మకు అలవాటైపోయింది. బడి పిల్లలందరి గౌన్లకీ అట్ట నంబరూ లేబుల్ నంబరూ ఒకటే. సొంత కూతురి గౌనుకు మాత్రం వేరు. ఇదేమిటని అడిగే చనువు దుకాణంలో ఒక్క మనిషికే ఉంది. ఆవిడ కాజాలక్క.

కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం, లేబుళ్లు వేయడం ఆవిడ పని. మిషను ముట్టదు, అంతా చేతికుట్టే. ఆవిడ కుట్టిన కాజా గౌను చిరిగినా చిరగదని పేరు. ఏళ్ల తరబడి టైలరమ్మ మిషను పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటోంది. ఒకరి టీ ఒకరు తాగుతారు, ఒకరి తలనొప్పికి ఇంకొకరు నుదురు నొక్కుతారు. సొంత అక్కచెల్లెళ్లు కూడా అంత సఖ్యంగా ఉండరని పక్క కొట్టువాళ్లు కుళ్లుకునేవారు.

"మళ్లీ ఆరేనా?" అంది కాజాలక్క సోమవారం పొద్దున, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఆరే కదక్కా దానికి! నేనేమన్నా అబద్ధమాడుతున్నానా? వయసు ఆరు, లేబుల్ ఆరు."

"గుడ్డ పది."

"గుడ్డ సంగతి గుడ్డకీ నాకూ తెలిస్తే చాలు."

"నాకూ తెలుసుగా."

"నువ్వు వేరూ నేను వేరూనా?" అని టైలరమ్మ నవ్వింది. కాజాలక్క కూడా నవ్వి, దారం కొస కొరికి, లేబుల్ నాలుగు మూలలా నాలుగు కుట్లు వేసింది. బొత్తాలు ఇంటి దగ్గర కుడతానని గౌనునూ, బొత్తాల గుర్తుల కోసం అట్టనూ సంచిలో పెట్టుకుంది.

ఆ కూతురి పేరు ఇంట్లో పిసరు. పుట్టినప్పుడు నర్సు తూకం చూసి, ఇంత బరువా అని నమ్మకం కుదరక మళ్లీ తూచింది. "సరిగ్గా చూడండి సిస్టర్, పిసరంత పిల్ల" అని వాళ్ల నాన్న వేళాకోళమాడాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు ఆరేళ్లకు పదేళ్ల పిల్లంత పొడుగు, అంతకు తగ్గ చేతులూ పాదాలూ, వెడల్పాటి నుదురు. లోపలి మనిషి మాత్రం ఆరేళ్లు కూడా సరిగ్గా నిండని పసిది. మాట ఆలస్యంగా వచ్చింది. పరుగెత్తితే కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఏడుపొస్తే నడివీధిలో చతికిలబడుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు కనిపిస్తుంది గానీ వయసు కనిపించదు కదా! "తాడిచెట్టంత ఎదిగావు, సిగ్గులేదూ ఏడవడానికి?" అంటారు. జారుడుబల్ల దగ్గర "పెద్దపిల్లలు ఎక్కకూడదు, దిగు" అంటారు. అన్నవాళ్లు మరుక్షణం మరిచిపోతారు. టైలరమ్మ మరిచిపోదు. లోకం నోరు ఎలాగూ కుట్టలేను, నా పిల్ల ఒంటి మీద గుడ్డయినా దాన్ని పెద్దదానా అని పిలవకూడదు అని ఒక మొండిపట్టు పట్టింది. అలా మొదలైంది ఆ లేబుల్ వ్యవహారం.

పిసరుకు ఆ లేబులంటే ప్రాణం. అంకెలు వచ్చిన కొత్తలో మొదట చదివింది దాన్నే. కాజాలక్క కూతురు మిరపకాయ కూడా అదే తరగతి, అదే బల్ల. పేరుకు తగ్గట్టే గుప్పెడంత పిల్ల, ఘాటైన నోరు. ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు తిరగేసి చూసుకునేవారు. "నాదీ ఆరే, నీదీ ఆరే!" దుకాణం గోడ మీద పిసరు సుద్దముక్కతో ఇద్దరి బొమ్మలూ గీసింది. రెండు బొమ్మలూ సరిగ్గా ఒకే ఎత్తు, ఒకే లావు, చేతులు పట్టుకుని ఉన్నాయి. టైలరమ్మ ఆ గోడకు సున్నం వేయనివ్వలేదు.

ఆ సోమవారం సాయంత్రమే జరిగింది. బడి విడిచాక పిల్లలిద్దరూ ఎప్పటిలా దుకాణం వెనక ఖాళీ జాగాలో గుర్రం ఆట మొదలుపెట్టారు. పిసరు వంగితే మిరపకాయ వీపు మీదికెక్కి జాగా చుట్టూ ఊరేగింది. టైలరమ్మ మిషను ముందున్న కిటికీలోంచి అంతా కనిపిస్తోంది.

"ఇప్పుడు నా వంతు. నువ్వు గుర్రం" అంది పిసరు.

"నేను మొయ్యగలనా?" అంది మిరపకాయ కొంచెం అనుమానంగా.

"నీదీ ఆరే నాదీ ఆరే కదా. నేను మోశాను కదా. వంతంటే వంతే."

అందులో తప్పు పట్టడానికేముంది? లెక్క ప్రకారం న్యాయమే. మిరపకాయ ఒక్క క్షణం ఆలోచించి, "అవున్లే" అని వంగింది.

టైలరమ్మ కాలు మిషను తొక్కుడు మీద ఆగింది. పిలవాలనుకుంది. పిలిచి ఏమనాలి? 'వద్దే, నువ్వు బరువు' అనాలి. రెండేళ్లుగా ఇంట్లో ఎవరి నోటా రాకుండా కాపాడుకున్న మాట అది. ఆ మాట పెదవి దాకా వచ్చింది. పెదవి మూసుకుంది. ఒక్క అడుగే కదా, దించేస్తుందిలే అనుకుని, కాలు మళ్లీ కదిపింది.

తరువాత వినిపించిన కేకకు సూది విరిగింది. పరుగెత్తుకెళ్లేసరికి మిరపకాయ నేల మీద బోర్లా ఉంది. ఎడమ మణికట్టు ఉండకూడని వైపు తిరిగి ఉంది. పిసరు పక్కనే నిలబడి, "నా వంతు అవ్వలేదు, పెద్దమ్మా, అది పడిపోయింది" అంటోంది. కాజాలక్క ఆ పిల్ల వైపు చూడలేదు. తన బిడ్డను ఎత్తుకుని, భుజాన ఉన్న సంచితోనే, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది.

రాత్రి ఇంటికొచ్చిన మొగుడికి టైలరమ్మ జరిగింది చెప్పింది, కిటికీ సంగతి తప్ప. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. చేతుల గ్రీజు గుడ్డముక్కతో తుడుచుకుంటూ విన్నాడు.

"లిఫ్టు ఎంతమందిని మోస్తుందో లోపల పలక మీద రాసుంటుంది చూశావా?" అన్నాడు చివరికి. "ఆ పలక ఊడిపోతే కొందరు మహానుభావులు ఇంకో లిఫ్టు పలక తెచ్చి బిగిస్తారు. ఎక్కేవాడికేం తెలుసు? పలకను నమ్మి ఎక్కుతాడు."

"పిల్ల చెయ్యి విరిగి మేం ఏడుస్తుంటే మీ లిఫ్టు గోలేమిటండీ?"

"ఊరికే అన్నాలే."

ఆయనంతే, పెట్టాల్సిన చోట వాత పెట్టి ఊరికే అన్నాలే అంటాడు. టైలరమ్మ గిన్నెలు దబదబా సర్దింది.

మంగళవారం ముక్కాలిపీట ఖాళీగా ఉంది. మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పి, పండ్లు కొనుక్కుని కాజాలక్క ఇంటికి వెళ్లింది. తలుపు సగమే తెరుచుకుంది.

"ఎలా ఉందక్కా?"

"పడుకుంది."

"చూసి వెళ్తాను."

"పడుకుందని చెప్పాగా" అంది కాజాలక్క. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పండ్ల సంచి అందుకుంది గానీ లోపలికి రమ్మనలేదు. ఆవిడ భుజం పక్కనుంచి, గోడ మేకుకు వేలాడుతున్న పని సంచి కనిపించింది. ఏళ్ల స్నేహంలో గుమ్మం బయట నిలబెట్టడం అదే మొదలు. టైలరమ్మ దుకాణానికి తిరిగొస్తూ, పోన్లే, కన్న కడుపు, బాధ ఉండదూ అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

బుధవారం బడి నుంచి కాగితం వచ్చింది. గురువారం పది గంటలకు పిల్లను వెంటబెట్టుకుని రావాలి. పిల్ల వయసు విషయమై వివరణ కావాలి. అంతవరకు పిల్లను తరగతిలో కూర్చోబెట్టరు.

వయసు విషయం! టైలరమ్మ ఆ ముక్క నాలుగుసార్లు చదివింది. చెయ్యి విరిగిందంటే అర్థముంది, బరువంటే అర్థముంది, వయసు మీద అనుమానం ఎవరు పుట్టించారు? ఆ వీధిలో ఎవరికీ ఏ ఆధారమూ లేదే! అంతలోనే గోడ మేకుకు వేలాడిన సంచి గుర్తొచ్చింది. ఛీ, అలా ఎందుకనుకోవాలి అని తల విదిలించుకుంది. నమ్మి చెడినవాడు లేడంటారు. ఆ సామెత కట్టినవాడికి పక్క పీట మీద స్నేహితులు ఉండి ఉండరు.

గురువారం పెద్ద టీచరు గదిలోకి అడుగుపెడుతూనే ఆమెకు కనిపించింది ఆ గౌను. బల్ల మీద మెడ తిరగేసి పెట్టి ఉంది. ఆరో నంబరు లేబుల్, నాలుగు మూలలా నాలుగు కుట్లు, కాజాలక్క చేతికుట్టే. పక్కన దుకాణంలోని పదో నంబరు అట్ట. ఎదురుగా కుర్చీలో కాజాలక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో టైలరమ్మకు ఆ క్షణాన తెలిసింది. కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. పిసరు తలుపు పక్కన బెంచీ మీద సర్దుకుని, గౌను అంచు మోకాళ్ల మీదికి లాక్కుంది.

"పదేళ్ల కొలతకు కోసి ఆరు అని లేబుల్ కుట్టడం దేనికమ్మా?" అంది పెద్ద టీచరు. గొంతులో కోపం లేదు, కానీ వినే ఓపిక కూడా అంతగా లేదు. "మిగతా తల్లిదండ్రులు ఊరుకోవడం లేదు. వయసు దాచి చిన్న తరగతిలో వేశారంటున్నారు. పదేళ్ల పిల్లను ఆరేళ్ల పిల్లల మధ్య నేనెలా కూర్చోబెట్టేది? పై తరగతికి పంపుతాను, లేదంటే ఇంకో బడి చూసుకోండి."

"పై తరగతా! అది ఇంకా బూటు లేసులు కట్టుకోలేదు మేడమ్!" టైలరమ్మ కాజాలక్క వైపు తిరిగింది. "పదేళ్లని చెప్పావా అక్కా? నీ నోటితో నువ్వే చెప్పావా? పుట్టిన మూడో రోజు స్నానం పోశావు కదా దానికి!"

"వయసు మాట నేనెత్తలేదు. ఒంటి సంగతి చెప్పాను" అంది కాజాలక్క, గౌను మీది చూపు ఎత్తకుండానే. "వయసు వాళ్లు కలుపుకున్నారు."

"కలుపుకునేలా తెచ్చి చేతిలో పెట్టావు."

టైలరమ్మ సంచిలోంచి కాగితాలు తీసింది. పుట్టిన తేదీ కాగితం బల్ల మీద పెట్టింది. దానితో పని జరిగితే రెండోది తీయనక్కర్లేదనుకుంది. పెద్ద టీచరు ఆ కాగితాన్నీ, బెంచీ మీది పిల్లనూ మార్చి మార్చి చూసింది. ఇంకేమన్నా ఉందా అన్నట్టు చెయ్యి చాచింది. ఇక దారి లేదు. రెండేళ్లుగా బట్టల పెట్టె అడుగున దాచిన పిల్లల డాక్టరు కాగితం ఆ చేతిలో పెట్టింది.

పెద్ద టీచరు పైకే చదివింది. బడిలో చదివి చదివి అలవాటైన గొంతు, గది నాలుగు మూలలా వినబడింది.

"పుట్టుకతో, జన్యువుల వల్ల వచ్చిన అధిక ఎదుగుదల. ఒళ్లు వయసు కంటే ముందు పోతుంది. మాట, ఆట, నలుగురితో కలవడం వయసుకు తగ్గట్టో కాస్త వెనకో ఉంటాయి. తోటి వయసు పిల్లల మధ్యే ఉంచాలి." ఆగి, తలాడించింది. "సరే. అయితే తరగతి మార్చే ప్రసక్తి లేదు. నా వల్ల పొరపాటైంది." టైలరమ్మ గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. టీచరు కాగితం మడవబోయి, కింది వరుస చూసి మళ్లీ విప్పింది. "ఇంకా ఉంది. తన ఒంటి పొడుగు, బరువు, బలం ఎంతో పిల్లకు చిన్నప్పటి నుంచే తెలియజెప్పాలి. లేకపోతే ఆటల్లో తనకూ ఇతరులకూ దెబ్బలు తగులుతాయి." తల ఎత్తింది. "చెప్పారా అమ్మా?"

టైలరమ్మ కాగితం కోసం చెయ్యి చాచింది.

"చెప్పలేదు" అంది కాజాలక్క. ఇప్పుడు తల ఎత్తింది, కళ్లలో నీళ్లు. "నా పిల్ల మూడు రోజులుగా ఏమని ఏడుస్తోందో తెలుసా? చెయ్యి నొప్పని కాదు. 'ఇద్దరిదీ ఆరే కదమ్మా, అది నన్ను మోసింది, నేనెందుకు మొయ్యలేకపోయాను, నాకే బలం లేదు' అని. ఆ లేబుల్ కుట్టింది నేను. నా చేత్తో నేనే కుట్టాను. అది కడుపులో పెట్టుకుని ఎలా ఉండను? ఇంకోటి అడుగుతాను చెప్పు. నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు. నీ మిషను ఆగింది. నేను విన్నాను. మళ్లీ నడిచింది. అదీ విన్నాను."

టైలరమ్మకు ఆవిడను తిట్టడానికి గదిలోకి వచ్చినప్పట్నుంచీ కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ అక్కరకు రాలేదు. లేదు అందామనుకుంది. బెంచీ వైపు చూసింది. పిసరు లేచి బల్ల దగ్గరకు వచ్చింది. గౌను మెడ మీది ఆరును వేలితో తాకింది, తరువాత అట్ట మీది పదిని. ఒకటీ సున్నా, అది కూడా వచ్చు ఆ పిల్లకు.

"పది ఎవరిది?"

పెద్ద టీచరు అట్టను పక్కకు జరిపింది.

"నాదా?" తల్లి ముఖంలోకి చూసింది. "నువ్వు ఆరని చెప్పావు కదా. మిరపకాయ కూడా ఆరని చెప్పావు కదా."

"వయసు ఆరే తల్లీ. ఒళ్లు..." టైలరమ్మ అట్టను మళ్లీ ముందుకు లాగింది. "అవును. పది నీదే."

పిసరు ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. తన రెండు చేతులూ ముందుకు చాచి, తిప్పి, కొత్తగా చూసుకుంది. తరువాత వాటిని వీపు వెనక్కి పెట్టుకుంది.

బడిలో బల్ల మళ్లీ దక్కింది. సోమవారం నుంచి పంపమన్నారు. గెలిచి బయటికొచ్చిన టైలరమ్మ, ఓడిపోయినట్టు నడిచింది. ఎప్పుడూ చెయ్యి పట్టుకుని వేలాడే పిల్ల ఇవాళ రోడ్డుకు అటు అంచున నడిచింది. ఎదురుగా ఎవరైనా వస్తే గోడకు అంటుకుపోయి నిలబడింది. ఒక ముసలాయన "పోవమ్మా, పో" అని దారి ఇచ్చినా కదల్లేదు. చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి. టైలరమ్మకు కాజాలక్క మీద కోపం రావాలి. వస్తోంది కూడా. కానీ ఆ కోపం నాలుగడుగులు వేసి, తిరిగి తన దగ్గరికే వస్తోంది. రెండేళ్లు నమ్మించి వంచించింది ఎవరు? కాజాలక్క ఒక్క గౌను బల్ల మీద పెట్టింది. తను ఎన్ని గౌన్లు పిల్ల ఒంటికి తొడిగింది?

పిసరును ఇంట్లో తండ్రి దగ్గర వదిలి దుకాణానికి వెళ్లింది. అక్కడ కూర్చోలేక ఎండ తగ్గగానే తిరిగొచ్చింది. తండ్రి గుమ్మంలో కూర్చున్నాడు. లోపలికి వెళ్లమన్నట్టు తల ఊపాడు.

గది మధ్యలో పిసరు, చుట్టూ బట్టల పెట్టెలోని గౌన్లన్నీ. చేతిలో కత్తెర. మెడ దగ్గర లేబుళ్లన్నీ కత్తిరించేసింది. కుట్లు విప్పడం రాదు కదా, లేబుల్‌తో పాటు గుడ్డ కూడా పోయింది. ప్రతి గౌను మెడలోనూ వేలు దూరేంత కన్నం. ఒళ్లో ఆరులు కుప్పగా ఉన్నాయి.

టైలరమ్మ కోప్పడలేదు. కత్తెర తీసి పక్కన పెట్టింది.

"కొలువు" అంది పిసరు.

"ఏమిటమ్మా?"

"నన్ను. టేపుతో. పైకి చెప్పు."

ఇన్నాళ్లూ పిల్ల నిద్రలో ఉన్నప్పుడు కొలిచేది. ఇవాళ గోడకు ఆనించి నిలబెట్టి, మెడలోని టేపు తీసి భుజం కొలిచి చెప్పింది. చెయ్యి పొడవు కొలిచి చెప్పింది. ఛాతీ చుట్టూ తిప్పి చెప్పింది. ఏ అంకె దగ్గరా తగ్గించలేదు. పిసరు ప్రతి అంకెనూ పెదవులతో మళ్లీ అనుకుంది. కొలుస్తున్నంతసేపూ తల్లికి తగలకుండా మోచేతులు లోపలికి ముడుచుకుంది.

"మిరపకాయది ఎంత?"

"బరువైతే నీలో సగానికి కాస్త ఎక్కువ."

"అందుకా విరిగింది?"

"అందుకే. నీ తప్పు కాదు. నేను చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ రోజు కిటికీలోంచి చూసి కూడా చెప్పలేదు."

పిసరు ఆలోచించింది. "అది మళ్లీ నాతో ఆడుతుందా?"

"ఆడుతుందిలే. ఎందుకాడదూ?" అనేసింది టైలరమ్మ, ఎప్పటి అలవాటు కొద్దీ.

పిసరు ఆమెను తేరిపారా చూసింది. "ఇది కూడా లేబులేనా అమ్మా?"

టైలరమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. టేపు చుట్టబోయి, వదిలేసి, నేల మీద కూర్చుంది.

"తెలీదే" అంది. "ఆడుతుందో లేదో నాకు తెలీదు. రేపు వెళ్లి అడుగుదాం. మీ పెద్దమ్మ తలుపు తీస్తే అడుగుదాం."

పిసరు తలాడించింది. మొదటిసారిగా వెనకనుంచి చేతులు ముందుకు తెచ్చుకుంది. తల్లి పక్కన, తగలకుండా, జానెడు ఎడంగా కూర్చుంది. టైలరమ్మ చెయ్యి చాచితే వెనక్కి జరిగింది.

"నేను పది. నీకు విరుగుతుంది."

"విరగదు."

"నిజం చెప్పు."

"నిజంగానే. నేను నీకంటే పెద్దదాన్ని. టేపు తెచ్చుకో, నన్నూ కొలువు."

పిసరు కొలవలేదు. కాసేపు ఆ టేపునే చూస్తూ కూర్చుని, మెల్లగా ఒరిగి, తల ఒక్కటే తల్లి ఒళ్లో పెట్టింది. మెడ ఇంకా బిగబట్టే ఉంచింది, బరువంతా వదలకుండా.

"బరువుగా ఉందా?" అని అడిగింది, ముఖం అటు తిప్పుకునే.

లేదు తల్లీ, దూదిపింజలా ఉన్నావు అనే మాట టైలరమ్మ నోట్లోకి తనంతట తానే వచ్చింది. ఎన్ని వందలసార్లు అన్న మాటో. దాన్ని మింగేసింది.

"ఉంది" అంది. "బరువుగానే ఉంది. ఉండనీ."

పిసరు కొంచెంసేపు ఆగి, మెడ వదిలేసింది.